పాత ట్రైలర్ కొంటున్నారా? ముందు చెమ్మ వెతకండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాం. నాలుగేళ్లు వాడిన 26 అడుగుల ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు) ఒకటి బేరానికి వచ్చింది. లోపల అంతా అద్దంలా ఉంది, తలుపు దగ్గర ఆర్‌వీఐఏ (అమెరికాలో ఇలాంటి విహార వాహనాల పరిశ్రమ సంఘం) ముద్ర కూడా ఉంది. కట్టుబడి గట్టిదో కాదో ఎలా తేల్చుకోవాలి?

జవాబు: వైరింగ్, గ్యాస్, ప్లంబింగ్, అగ్నిప్రమాద భద్రత నియమాలు పాటించామని తయారీదారు ఇచ్చే మాటే ఆ ముద్ర. పనితనానికి అది హామీ కాదు.

ట్రైలర్‌ను ఎక్కువగా తినేసేది నీరే. నిచ్చెన వేసి కప్పు చూడండి. వెంట్లు, ఏసీ, స్కైలైట్, ముందు వెనుక అంచుల చుట్టూ పూసిన సీలెంట్ ఎండకు ముడుచుకుంటుంది, రోడ్డు కుదుపులకు అతుకు విడుతుంది. వెంట్రుకంత సందు చాలు, చుక్క చుక్కగా దిగి లోపలి చెక్క కుళ్లుతుంది. ఒక్కచోటే కొత్తగా పూసి ఉంటే ఎందుకో అడగండి.

ఫైబర్‌గ్లాస్ గోడలను సాయంత్రం ఏటవాలు వెలుతురులో, పక్క నుంచి చూడండి. ఉబ్బు కనిపిస్తే పై పొర ఊడినట్టే. దాన్ని బాగుచేయించే ఖర్చుకు ఎంత తగ్గింపు ఇచ్చినా గిట్టదు, వదిలేయండి. స్లైడ్-అవుట్ (గది పెద్దదయ్యేలా బయటికి జరిగే గోడ భాగం) మూలల్లో, టాయిలెట్ చుట్టూ, గుమ్మం దగ్గర మడమతో గట్టిగా నొక్కండి. నేల మెత్తగా దిగితే కింద ప్లైవుడ్ పోయింది. అల్మారాల లోపలి మూలల్లో తేమ మీటర్ గుచ్చండి. పొడిగా ఉన్నచోటుతో పోల్చి చూడాలి. 20 శాతం దాటితే అనుమానమే. లోపల సెంటు గుప్పుమంటోందా? బూజు వాసనకు ముసుగేమో చూసుకోండి.

ఒక డ్రాయర్ పూర్తిగా బయటికి లాగండి. వెనక పలక స్క్రూలతో ఉందా, ఒట్టి స్టేపుల్ పిన్నులతోనా? కంటికి కనబడని చోట్ల ఎలా కట్టారో అక్కడే కొంత తెలుస్తుంది.

టైర్ల మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) అంకెల్లో చివరి నాలుగు చూడండి: 3221 అంటే 2021లో 32వ వారం. గాడులు బాగున్నా అయిదేళ్లు దాటితే మార్చాల్సిందే. ఒక అంచే అరిగిందంటే ఇరుసు వంగి ఉండొచ్చు, బరువు మించి ఉండొచ్చు. సామాను ఎంత మోయగలదో పసుపు స్టిక్కర్ మీద ఉంటుంది. 40 గ్యాలన్ల నీరే దాదాపు 334 పౌండ్లు తినేస్తుంది.

చివరగా ట్యాంకులో నీళ్లు పోయించి, కుళాయిలన్నీ కట్టేసి పంపు వేయించండి. ఒత్తిడి నిండగానే అది ఆగాలి. ఎవరూ కుళాయి తిప్పకుండానే మళ్లీ తిరిగిందంటే ఎక్కడో కారుతోంది.