విడాకుల డిక్రీతో పాలసీలోని నామినీ పేరు మారదు

విడాకులు మంజూరైతే జీవిత బీమా పాలసీలో నామినీగా ఉన్న మాజీ భార్య పేరు దానంతటదే రద్దవుతుందా అని అడిగారు. రద్దు కాదు. బీమా చట్టం, 1938లోని 39వ సెక్షన్ ప్రకారం నామినీని మార్చే అధికారం పాలసీదారుది. ఆయన రాతపూర్వకంగా తెలియజేసి, సంస్థ నమోదు చేసేంత వరకు పాత పేరే ఉంటుంది.

మా తమ్ముడికి పరస్పర అంగీకారంతో విడాకులు మంజూరైన తరువాత అనంతపురంలోని బ్రాంచి కార్యాలయానికి అతనితో పాటు నేనూ వెళ్లాను. బాండుతో పాటు నామినేషన్ మార్పు ఫారం ఇస్తే పని జరిగిపోయింది. మాజీ భార్య సంతకం ఎవరూ అడగలేదు, చట్టప్రకారం దాని అవసరమూ లేదు. కొత్త నామినీ అయిన కూతురు మైనరు కనుక, ఈలోగా ఏదైనా జరిగితే సొమ్ము అందుకోవడానికి మా అమ్మను అపాయింటీగా చూపించి, ఆమె చేత సంతకం పెట్టించాము.

చిక్కంతా రెండో పాలసీతోనే వచ్చింది. వ్యాపారంలో నష్టమొచ్చినా అప్పులవాళ్లు దాని జోలికి రాలేరని ఏజెంటు చెప్పగా, పెళ్లైన కొత్తలో వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 1874 కింద భార్య కోసం తీసుకున్న పాలసీ అది. ఆ చట్టం ఆరో సెక్షన్ ప్రకారం అటువంటి పాలసీ ఆమె ప్రయోజనార్థం ఏర్పడిన ట్రస్టు అవుతుంది కాబట్టి, ప్రీమియం ఇన్నాళ్లూ కట్టింది నేనే కదా అని వాడు ఎంత వాదించినా పేరు మార్చడం కుదరలేదు. భర్త మనసు మారినా భార్యకు దక్కాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం కనుక, తమ్ముడి పక్షాన ఉండి కూడా నాకది అన్యాయమనిపించలేదు. మీ బాండు మీద ఆ చట్టం ప్రస్తావన ఉందేమో ముందుగా చూసుకోండి. ఉంటే వకీలును సంప్రదించాలి.

పేరు మార్చకుండా పాలసీదారు మరణిస్తే వివాదం తప్పకపోవచ్చు. నామినీ సొమ్ము అందుకునే మనిషే తప్ప హక్కు వారసులదేనని సుప్రీంకోర్టు 1983లో చెప్పింది. 2015 సవరణ తరువాత మాత్రం తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే సొమ్ము వారికే చెందుతుంది. నామినేషన్ నాటికి భార్య అయి, మరణం నాటికి కాని మనిషి ఆ కోవలోకి వస్తుందా అన్నదాని మీద తల్లి, పిల్లలు కోర్టు మెట్లెక్కవలసి రావచ్చు.

భవిష్య నిధి, ఆఫీసు గ్రూపు బీమా నామినేషన్లు వేరుగా ఉంటాయి కాబట్టి వాటికి విడివిడిగా ఫారాలు ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తీసుకోండి.