అప్పు చేసి సవరన్లు కొంటారా?

ప్రశ్న: బర్మింగ్‌హామ్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. భార్య, మూడేళ్ల పాప ఉన్నారు. నాయనమ్మ ఇచ్చిన 1918 నాటి సవరన్ (బ్రిటిష్ బంగారు నాణెం) ఒకటి నా దగ్గర ఉంది. బ్రిటన్‌లో సవరన్ల లాభంపై పన్ను లేదు కాబట్టి, వడ్డీ లేని క్రెడిట్ కార్డుతో ఆరు ప్రూఫ్ సవరన్లు (సేకరించేవారి కోసం ప్రత్యేకంగా ముద్రించేవి) కొందామనుకుంటున్నాను. బ్యాంకులో ఒక నెల జీతం ఉంది. సరైన నిర్ణయమేనా?

జవాబు: కాదు. పన్ను సంగతి నిజమే. సవరన్ అక్కడ ఇప్పటికీ ఒక పౌండు ముఖవిలువతో చెల్లే నాణెం, అందుకే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. కానీ ముందు లాభమంటూ రావాలి కదా!

మీ దగ్గరున్న నాణేన్నే భూతద్దంలో చూడండి. గుర్రం మీద సెయింట్ జార్జ్, కాళ్ల కింద డ్రాగన్, నేల మీద విరిగిన ఈటె. ఇటలీ నుంచి లండన్ చేరిన బెనెడెట్టో పిస్ట్రుచ్చి 1817 సవరన్ కోసం చేసిన బొమ్మ ఇది. సంవత్సరం అంకెలకు కాస్త పైన, నేల గీత మీద చిన్న ఇంగ్లీషు ‘I’ అక్షరం ఉంటే అది బొంబాయి టంకశాలది. అలాంటివి దాదాపు 13 లక్షలు ముద్రించారు, కాబట్టి అరుదైనదని మురిసిపోకండి. 1817 నుంచి ఇప్పటిదాకా లెక్క ఒకటే: 7.99 గ్రాముల బరువు, 22 క్యారెట్లు, అందులో మేలిమి 7.32 గ్రాములు. మామూలు సవరన్ అమ్మబోతే వ్యాపారి చూసేది ఆ మేలిమినే. ప్రూఫ్ నాణేనికి అద్దంలాంటి మెరుపు, పెట్టె, సర్టిఫికెట్ కోసం మీరిచ్చే అదనపు సొమ్ము నగల మజూరీ లాంటిదే. తిరిగొస్తుందన్న భరోసా లేదు.

అంతకంటే నన్ను కంగారు పెట్టింది మీ బ్యాంకు బ్యాలెన్స్. ఉద్యోగం పోతే మరో స్పాన్సర్‌ను, అంటే మీ వీసాకు పూచీ ఉండే కంపెనీని, వెతుక్కోవడానికి మీకు మామూలుగా దొరికేది 60 రోజులు. అక్కడి ప్రభుత్వ భృతులు చాలావరకు మీ వీసాకు వర్తించవు. అద్దె, నర్సరీ ఫీజు ఆగవు. అవసరమైతే ముగ్గురికీ విమానం టికెట్లు కొనాలి. ఒక నెల జీతంతో ఇవన్నీ ఎలా నెట్టుకొస్తారు? దానికి తోడు కార్డు వాయిదా! ఆఫర్ గడువు దాటితే మామూలు వడ్డీ మొదలవుతుంది. ఒక్క వాయిదా తప్పినా ఆఫరే రద్దు కావచ్చు. వడ్డీ లేదన్నంత మాత్రాన అది అప్పు కాకుండా పోదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, ప్రతిసారీ చిరాకేస్తుంది.

ముందు ఆరు నెలల ఖర్చు ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే సేవింగ్స్ ఖాతాలో పోగేయండి. అది పూర్తయ్యేదాకా బంగారం మాటే వద్దు. ఈలోగా మీ పేరున టర్మ్ ఇన్సూరెన్స్ తీసుకోండి. జబ్బు చేసి జీతం ఆగితే ఆదుకునే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ పాలసీ కూడా చూడండి. ఆ తర్వాతా మోజు తీరకపోతే మామూలు బులియన్ సవరన్లు (బంగారం విలువ కోసం కొనేవి), ఒక్కోటి, చేతిలో డబ్బుతో కొనుక్కోండి. ఇండియాకు తెచ్చేటప్పుడు మాత్రం కస్టమ్స్‌లో చెప్పి సుంకం కట్టాలి. సుంకం లేకుండా తెచ్చుకునే పరిమితి నగలకే, నాణేలకు కాదు.