నొప్పి లేదని గడ్డను వదిలేయొద్దు

ప్రశ్న: మా నాన్నకు 66 ఏళ్లు. ఇస్కపల్లి ఉప్పు కొటార్లలో పాతికేళ్లు పనిచేశారు. ఆరేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. రెండు నెలల కిందట చెంప మీద శనగగింజంత లేచిన గడ్డ ఇప్పుడు రేగిపండంత అయింది. ఎర్రగా, నున్నగా ఉంది. నొప్పి లేదు. సెగగడ్డ అని మందులిచ్చారు, తగ్గలేదు. కోయించేయమంటారా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు జిల్లా

జవాబు: కోయించే ముందు ముక్క పరీక్ష చేయించండమ్మా, ఈ వారంలోనే. సెగగడ్డయితే సలుపుతుంది, చీము పడుతుంది. నొప్పి లేకుండా ఇంత త్వరగా పెరిగిందంటే, అదీ మార్పిడి మందులు వాడే మనిషికి, మెర్కెల్ సెల్ కార్సినోమా కాదని తేల్చుకోవాల్సిందే. ఇది అరుదైన చర్మ క్యాన్సర్, మన చర్మపు రంగువాళ్లలో మరీ అరుదు. కానీ వేగంగా పాకుతుంది. బయటపడేసరికే సుమారు మూడింట ఒకరికి దగ్గరి లింఫు గ్రంథులకు చేరి ఉంటుంది.

దీనికి కారణమయ్యే పాలియోమా వైరస్‌ను 2008లో కనుగొన్నారు. అది చాలామంది చర్మం మీద ఊరకే ఉంటుంది. ఒంట్లో కాపలా, అంటే రోగనిరోధక శక్తి, గట్టిగా ఉంటే ఏమీ చేయలేదు. కొత్త కిడ్నీని ఒళ్లు తోసిపుచ్చకుండా ఇచ్చే మాత్రలు ఆ కాపలానే సడలిస్తాయి. 50 దాటిన వయసు, హెచ్‌ఐవీ, కొన్ని రక్త క్యాన్సర్లు కూడా ముప్పు పెంచుతాయి. ఎండ మరో కారణం. కొటార్లలో అది పైనుంచే కాదు, మడి నీళ్ల మీద, తెల్లటి ఉప్పు మీద పడి మొహానికి తిరిగి కొడుతుంది. తలగుడ్డ చుట్టినా చెంపలకు చాటు ఉండదు. ఇదంతా చదివి మాత్రలు మాత్రం ఆపకండి, కిడ్నీ పోతుంది. మార్పులేవైనా కిడ్నీ డాక్టరే చేయాలి.

తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి 4 మిల్లీమీటర్ల ముక్క తీస్తారు. దాన్ని పాడవకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవంలోనే పంపాలి. ల్యాబ్ చీటీలో కిడ్నీ మార్పిడి సంగతి, గడ్డ పెరిగిన వేగం రాయించండి. ఈ కణాలు ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాల్లాగే ఉంటాయి. సీకే20, టీటీఎఫ్1 అనే ప్రొటీన్లు కణాల్లో ఉన్నాయో లేదో చూపే రంగులు (స్టెయిన్లు) వేస్తే తేడా తెలుస్తుంది. మెర్కెల్‌లో సాధారణంగా మొదటిది పాజిటివ్, రెండోది నెగటివ్.

క్యాన్సరని తేలితే చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా తీస్తారు. అదే పూట, క్యాన్సర్ ముందుగా చేరే గ్రంథినీ తీసి చూస్తారు. తర్వాత తరచుగా రేడియేషన్ ఉంటుంది. ముందే ఎక్కడో గడ్డ కోసి పారేస్తే ఆ గ్రంథిని గుర్తించడం కష్టమవుతుంది. ముదిరిన దశలో వాడే ఇమ్యునోథెరపీ (ఒంటి కాపలాను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందులు) మార్పిడి కిడ్నీని దెబ్బతీయొచ్చు కాబట్టి క్యాన్సర్ డాక్టరు, కిడ్నీ డాక్టరు కలిసి నిర్ణయించాలి.

అప్పటిదాకా గడ్డను నొక్కొద్దు, సున్నం పెట్టొద్దు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. మెడ, చెవి వెనుక బిళ్లలు కట్టాయేమో తడిమి చూసి డాక్టరుకు చెప్పండి.