ఒంట్లో నీళ్ళు: కొలుస్తామా, తూస్తామా, లెక్కగడతామా?

సందేహం: నేను వెటర్నరీ పీజీ స్టూడెంట్‌ని. మేకల ఒంట్లో మొత్తం నీరు ఎంతుందో చూసే పని మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తూ ‘మొత్తం శరీర నీరు కొలవడం’ అని హెడ్డింగ్ పెట్టాను. మా సార్ చూసి, కొలవడం అంటే సోలా తవ్వాతో కొలిచేది, ‘మాపనం’ అని మార్చు అన్నారు. ఏది కరెక్ట్? ఇంకోటి, నీరు ఉంది అనాలా, నీరు ఉన్నాయి అనాలా?

సమాధానం: మీ సార్ పట్టుకున్న పాయింట్ మంచిదే గానీ చెప్పిన మందు మాత్రం కుదరదు. మాపనం సంస్కృతం, ఉష్ణమాపకం లాంటి బడి పుస్తకాల మాటల్లో ఉంది సరే, విడిగా ఎవరి నోటా రాదు, పైగా ఆ మాట వేసినంత మాత్రాన మీరు పని ఎలా చేశారో చదివేవాళ్ళకి కొత్తగా తెలిసేదీ ఏం లేదు. మనకి ‘ఎంతుందో కనుక్కోవడం’ అన్నదానికి ఒకటే క్రియ లేదండీ, పాలు కొలుస్తాం, బెల్లం తూస్తాం, వడ్డీ లెక్కగడతాం, కళ్ళంలో ధాన్యం రాశిని చూసి ఇన్ని బస్తాలవుతాయని అంచనా వేస్తాం. గవర్నమెంటు వాళ్ళు కూడా తూనికలు కొలతల శాఖ అని రెండూ కలిపే పెట్టుకున్నారు. అందుకని ముందు మీరు ఏ పద్ధతిలో చేశారో చూసుకోండి, క్రియ దాని వెనకే వస్తుంది.

ఎలకల మీదా గినీపిగ్గుల మీదా చేసే పాత పద్ధతి ఉంది చూడండి, చనిపోయిన జంతువుని తూచి, ముద్దగా చేసి, 100 డిగ్రీలకి కాస్త అటూఇటూ వేడిలో ఓవెన్లో పెట్టి, బరువు ఇంక తగ్గనంతవరకూ ఆరబెట్టి మళ్ళీ తూస్తారు, తగ్గిన బరువంతా నీరే. ఇది అచ్చంగా తూచడమే, ఇందులో కొలిచింది ఏమీ లేదు. పేస్, రాత్‌బన్ అనే శాస్త్రవేత్తలు 1945లో జంతువుల మీద చెప్పిన లెక్క కూడా ఇలా తూచి తేల్చిందే, కొవ్వు పక్కన పెడితే మిగతా ఒంట్లో నీరు సుమారు 73.2 శాతం దగ్గర నిలకడగా ఉంటుందని. మనుషుల్లో కొవ్వెంతో చెప్పడానికి ఇప్పటికీ ఆ అంకె మీదే ఆధారపడతారు.

మరి బతికున్న మేకనీ మనిషినీ ఓవెన్లో పెట్టలేం కదా, అక్కడ వచ్చేదే భారజలం. మామూలు హైడ్రోజన్ బదులు దానికంటే బరువైన డ్యుటీరియం ఉన్న నీళ్ళు అవి, రేడియేషన్ గట్రా ఏమీ ఉండదు, మన మణుగూరు దగ్గర అశ్వాపురం ఫ్యాక్టరీలో తయారయ్యేది అదే, కాకపోతే అక్కడ టన్నుల లెక్క, అణు రియాక్టర్ల కోసం. ఇక్కడ గ్రాముల్లో చాలు. 1934లోనే హెవెషీ, హోఫర్ అనే శాస్త్రవేత్తలు దాన్ని పల్చగా కలిపి తాగించి, మూత్రంలో ఎంత వస్తోందో చూస్తూ మనిషి ఒంట్లో నీటి సంగతి తేల్చారు. బానలో నీళ్ళెన్నో తెలియనప్పుడు తెలిసినంత ఉప్పు వేసి కలిపి ఒక చుక్క ఎంత ఉప్పగా ఉందో చూస్తే బానెడూ తోడకుండానే తేలిపోతుంది కదా, అదీ కిటుకు.

అంకెలతో చూద్దాం. ఒకాయన 30 గ్రాముల భారజలం తాగాడనుకోండి, మూడు నాలుగు గంటలాగి, అది ఒళ్ళంతా కలిశాక లాలాజలం తీసి చూస్తే, తాగకముందు ఉన్నదానికంటే భారజలం కేజీకి 0.7 గ్రాములు ఎక్కువ కనిపించింది, 30ని 0.7తో భాగిస్తే ఒంట్లో నీరు 42.9 కేజీలు. అయిపోలేదు, డ్యుటీరియం నీళ్ళలోనే బుద్ధిగా ఉండదు, ప్రొటీన్ల లాంటివాటిలోని హైడ్రోజన్‌తో కూడా చోటు మార్చుకుంటుంది, దానివల్ల నీరు ఉన్నదానికంటే ఓ 4 శాతం ఎక్కువ కనపడుతుంది, అది తీసేస్తే 41 కేజీల పైచిలుకు. తాగించింది తూచారు, లాలాజలంలో పాళ్ళు చూశారు, నీటిని మాత్రం ఎవరూ తూచలేదు కొలవలేదు, లెక్కగట్టారు. మీ మేకల్లో అయితే ఇంకో తిరకాసు, నెమరేసే జంతువు కదా, పొట్ట మొదటి అరలోనే బోలెడు నీరుంటుంది, భారజలం అక్కడంతా కలవడానికి మనిషిలో కంటే ఎక్కువసేపు పడుతుంది, మేత ఎప్పుడు తిన్నది నీళ్ళెప్పుడు తాగింది అన్నదాన్ని బట్టి అంకె కూడా మారుతుంది. అందుకే మేత, నీళ్ళు ఎప్పుడు ఆపారో వ్యాసంలో తప్పకుండా రాయండి, హెడ్డింగ్ కంటే అది ముఖ్యం.

ఇంక జిమ్ముల్లో పాదాలు పెట్టి నిలబడితే బాడీ వాటర్ 54.3 శాతం అని చూపించే మిషన్ ఉంది చూశారా, అది ఒంట్లోంచి చిన్న కరెంటు పంపి ఎంత అడ్డం వచ్చిందో చూసి, ఎత్తూ బరువూ వయసూ కలిపి ఫార్ములాలో వేస్తుంది. దానికి అంచనా అనే మాటే న్యాయం. ఆ పాయింట్ త్రీ ఎక్కణ్ణించి వచ్చిందో దానికీ తెలీదు పాపం.

‘మొత్తం శరీర నీరు’ సంగతికొస్తే, సంస్కృతం మాటా తెలుగు మాటా కలిపిన మిశ్రమ సమాసం తప్పేం కాదు, కానీ ఇంగ్లిష్ వరసలో మాటలు పేర్చినట్టుంది, ‘మొత్తం’ శరీరానికా నీటికా అని చదివేవాడు ఆగాల్సొస్తుంది. ‘ఒంట్లో ఉన్న మొత్తం నీరు’ అనండి, హాయిగా ఉంటుంది. ‘ఒంటి నీరు’ మాత్రం వద్దు, ఒంటికి అనగానే బడి పిల్లలు చిటికెన వేలు చూపిస్తారు. ‘ఒంట్లో నీరు చేరింది’ అని కూడా రాయకండి, అది వాపు, జబ్బు, కాళ్ళకి నీరు పట్టింది అంటాం చూడండి, అలా.

రెండో ప్రశ్నకి జవాబు చిన్నదే. నీరు ఏకవచనం, నీళ్ళు బహువచనం, కాబట్టి నీరు ఉంది, నీళ్ళు ఉన్నాయి. ‘నీరు ఉన్నాయి’ తప్పు, పేపర్లలో కూడా కనిపిస్తోంది ఈమధ్య. మగవాళ్ళ బరువులో సుమారు 60 శాతం నీరే ఉంటుంది, 70 కేజీల మనిషిలో 42 లీటర్ల నీళ్ళు ఉంటాయి, రెండూ సరైనవే, శాతం చెప్పేటప్పుడు నీరు, లీటర్లు చెప్పేటప్పుడు నీళ్ళు నోటికి తేలిగ్గా వస్తాయి.

మీరు వాడింది భారజలమే అయితే ‘మేకల ఒంట్లో మొత్తం నీరు: భారజలంతో లెక్కగట్టే పద్ధతి’ అని పెట్టుకోండి. మీ సార్ ఇంకా మాపనమే అంటే, ఆ మాటని సబ్ టైటిల్లో పెట్టేయండి, మార్కులు ఆయన చేతిలో ఉన్నాయి కదా.