ఈ-పంటలో పేరుంది, ధాన్యం మాత్రం కొనట్లేదు: సమాధానం

కౌలుకు వరి వేశాను, ఈ-పంటలో (ప్రభుత్వ పంట నమోదులో) పేరుంది, అయినా ధాన్యం కొనట్లేదు, ఎందుకని అడిగారు. మీ ఈ-కేవైసీ, అంటే వేలిముద్రతో చేసే ఆధార్ ధ్రువీకరణ, పడి ఉండదు, దాదాపుగా అదే కారణం.

పంట నమోదు వేరు, మీ వేలిముద్ర వేరు. సిబ్బంది చేనుకొచ్చి ఫోటో తీసుకెళ్లగానే పని అయిపోయిందనుకుంటాం, కానీ తర్వాత రైతు సేవా కేంద్రంలో, అదే పాత రైతు భరోసా కేంద్రంలో, మనం వేలు పెడితేనే నమోదు పూర్తయినట్టు. ఎక్కువమంది వదిలేసేది ఇదే.

1. ఆధార్ కార్డుతో రేపే వెళ్లండి. వేలు పెట్టేముందు సర్వే నంబరు, ఎకరాలు, పంట పేరు పైకి చదివించుకోండి. మాకు ఒక ఏడాది వరి బదులు మినుము పడింది, అక్కడే చెప్పి దిద్దించుకున్నాం.

2. కౌలు చేస్తున్నానన్నారు కదా, నమోదు ఎవరి పేరున ఉందో తప్పక చూడండి. యజమాని పేరున ఉంటే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది. సీసీఆర్సీ కార్డు (కౌలు రైతుకిచ్చే సాగు హక్కు కార్డు) చూపించి మీ పేరున మార్చమనండి, కాకపోతే ఆ కార్డు 11 నెలలే చెల్లుతుంది, తేదీ చూసుకోండి.

3. నారుమడిలో అరిగిన వేళ్లు మెషీన్ పట్టదు. చెయ్యి కడిగి, బాగా తుడిచి, ఇంకో వేలు పెట్టండి.

ఈలోపు ధాన్యం ఆరబెట్టండి, తేమ 17 శాతం దాటకూడదు.