డబ్బు ఇబ్బంది దేవుడికి చెప్పుకోవచ్చా?

ప్రశ్న: మాది బోడుప్పల్. మా ఆయనకు కొన్ని నెలలుగా జీతం సరిగ్గా రావడం లేదు. పిల్లల ఫీజు కోసం ఆయనకు తెలియకుండా గాజులు కుదువపెట్టాను, వడ్డీ పెరిగిపోతోంది. ప్రార్థనలో ఈ మాట ఎత్తాలంటే సిగ్గు. ‘ముందు దేవుని రాజ్యం వెదకాలి, డబ్బు అడగకూడదు’ అన్నారు మా కూడికలో ఒకావిడ. నిజంగా అడగకూడదా?

జవాబు: అడగండి చెల్లీ. ఆవిడ చెప్పిన మాట మత్తయి ఆరో అధ్యాయంలోదే, కాదనను. కానీ అదే అధ్యాయంలో అంతకు ముందే యేసు నేర్పిన ప్రార్థన ఉంది, అందులో ‘మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము’ అని ఉంది. పూట తిండి అడగమన్నవాడు పిల్లల ఫీజు అడిగితే కోప్పడతాడా?

మన కూడికల్లో చూస్తుంటాను, రోగుల కోసం, చర్చి కోసం, దేశం కోసం గంటసేపు ప్రార్థించిన తల్లి తన ఇంటి సంగతి వచ్చేసరికి ‘నీకు తెలుసు ప్రభువా’ అని ముగించేస్తుంది. ఆయనకు తెలుసు, నిజమే. అయినా దారి పక్కన కూర్చుని కేకలు వేసిన గుడ్డివాడు బర్తిమయిని కూడా, నేను నీకేమి చేయాలి అని యేసు అడిగాడు, అతని నోటి నుంచే వినాలనుకున్నాడు. కాబట్టి ఈ రాత్రి పెద్ద మాటలేమీ వద్దు, ‘తండ్రీ, ఈ నెల ఇంత వడ్డీ కట్టాలి, నా దగ్గర లేదు, మా ఆయనకు తెలిస్తే ఏమంటారోనని టెన్షన్‌గా ఉంది’ అని మొత్తం అంకెతో సహా చెప్పండి. ఏడుపొస్తే ఏడవండి.

రెండవ రాజుల గ్రంథం నాలుగో అధ్యాయం కూడా ఒకసారి చదవండి. భర్త పోయి, అప్పులవాడు ఇద్దరు కొడుకులనూ దాసులుగా పట్టుకుపోతానంటే ఒక విధవరాలు ఎలీషా ప్రవక్త దగ్గర మొరపెట్టుకుంది. ఇంట్లో ఏముందని ఆయన అడిగాడు, కొంచెం నూనె తప్ప ఏమీ లేదంది. ఇరుగుపొరుగు దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకోమన్నాడు, ఆ కొంచెం నూనే పోస్తుంటే పాత్రలన్నీ నిండాయి, ఆ నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు. అద్భుతం సంగతి సరే, నన్ను ఆలోచనలో పడేసేది ఇంకొకటి: ఆమె అప్పును దాచుకోలేదు, కొడుకులు పక్కనే ఉండి పాత్రలు అందించారు.

మీ ఇంట్లో లేనిది అదే. దేవుడికి చెప్పిన మాటే మీ ఆయనకూ చెప్పాలి, పిల్లలు పడుకున్నాక, తాకట్టు చీటీ చేతిలో పెట్టి. మొదట కోపం రావచ్చు, రానివ్వండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి గాజులు విడిపించి బ్యాంకు గోల్డ్ లోన్‌కి మార్చే వీలుందేమో కనుక్కోండి, మార్వాడీ కొట్టు వడ్డీ కంటే చాలాసార్లు అక్కడ తక్కువే పడుతుంది. స్కూలువాళ్లను ఫీజు వాయిదాల్లో కడతామని అడగండి.

అడిగిందల్లా అడిగినట్టే వస్తుందని నేను చెప్పను. అపొస్తలుడైన పౌలు తన శరీరంలో ముల్లులా బాధించేదాన్ని తీసేయమని దేవుణ్ణి మూడుసార్లు వేడుకున్నాడు, అది పోలేదు, ‘నా కృప నీకు చాలును’ అనే జవాబు వచ్చింది. ఎవరైనా ఇంత కానుక వేస్తేనే అప్పు తీరుతుందంటే మాత్రం పైసా ఇవ్వకండి, ఆ డబ్బు వడ్డీకి కట్టండి.