బోరు నీళ్ల వెనామీ రొయ్య చచ్చిపోతోంది – వైట్ స్పాట్ కాదు, ముందు నీళ్లు టెస్ట్ చేయించండి

ప్రశ్న: మాది కడప జిల్లా బద్వేలు దగ్గర. నెల్లూరులో మా బంధువులు చేస్తుంటే చూసి 2 ఎకరాల్లో వెనామీ వేసినాం, ఎకరాకు 1.2 లక్షల సీడ్ (రొయ్య పిల్లలు). బోరు నీళ్లు, ఉప్పదనం 3 పీపీటీ (లీటరుకి 3 గ్రాముల ఉప్పు). 35 రోజులైంది, రోజూ కొన్ని చచ్చిపోతున్నాయి, గుల్ల మెత్తగా ఉంది, వల వేస్తే తోక వంకరపోయి తెల్లబడుతుంది. వైట్ స్పాట్ (రొయ్యలకి వచ్చే వైరస్ జబ్బు) అని డీలరు యాంటీబయాటిక్, మినరల్ మిక్స్ ఇచ్చినాడు. తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది వైట్ స్పాట్ కాదండీ. వైట్ స్పాట్ అయితే ఇలా రోజుకి కొన్ని చావవు, మేత మానేసి గట్టుకొచ్చి వారం పది రోజుల్లో గుంట మొత్తం ఖాళీ అవుతుంది. అనుమానం తీరకపోతే పది రొయ్యలు పీసీఆర్ టెస్టుకి (వైరస్ ఉందో లేదో తేల్చే ల్యాబ్ పరీక్ష) పంపండి. ఒకవేళ అదే అయినా యాంటీబయాటిక్ వైరస్‌ మీద పనిచేయదు, ఆ డీలరుకి ఈ మాత్రం తెలియకుండా ఉండదు. ఈరోజే ఆపేయండి. ఎక్స్‌పోర్ట్ కంపెనీ టెస్టులో యాంటీబయాటిక్ బయటపడితే మీ సరుకు ఎవరూ కొనరు.

తోక వంకర, తెల్లబడటం, మెత్తటి గుల్ల, ఈ మూడూ పొటాషియం తక్కువైనప్పుడు కనిపించేవే. నీళ్లు ఉప్పగా ఉన్నంత మాత్రాన సముద్రం నీళ్లు కావు. మీ బంధువుల గుంటల్లోకి వచ్చేది క్రీకు (సముద్రపు పాయ) నీళ్లు, అందులో పొటాషియం దానంతట అదే ఉంటుంది, మన వైపు బోరు ఉప్పులో చాలా చోట్ల అది ఉండదు. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ 3 అని చూపిస్తుంది గానీ ఆ 3లో ఏముందో చెప్పదు. సీడ్ వేసేముందే నీళ్లలో పొటాషియం లాంటివి ఎంతున్నాయో ల్యాబులో టెస్టు చేయించుంటే ఇన్ని రొయ్యలు పోయేవి కావు, బోరు మీద వెనామీ వేసే ప్రతి రైతుకీ నేను చెప్పేది ఇదే, ఎవరూ చేయించరు.

లెక్క చూడండి. సముద్రం నీళ్ల నిష్పత్తి ప్రకారం 1 పీపీటీకి సుమారు 11 మి.గ్రా. పొటాషియం లీటరుకి ఉండాలి, అంటే మీ నీళ్లకి 33 దాకా. ఎకరా గుంటలో మీటరు లోతు ఉంటే 40 లక్షల లీటర్ల నీళ్లు. అందులో 10 కిలోల మినరల్ మిక్స్ వేస్తే అది మొత్తం పొటాషియమే అనుకున్నా లీటరుకి 2.5 మి.గ్రా. పెరుగుతుంది, ఇంక చావులు ఎలా తగ్గుతాయి? వరికి వేసే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చాలు. లీటరుకి 1 మి.గ్రా. పెంచాలంటే ఎకరాకి 8 కిలోలు. నీళ్ల టెస్టులో పొటాషియం 8 వచ్చిందనుకోండి, 25 లోటు, ఎకరాకి 200 కిలోలు, అంటే 4 బస్తాలు. ఒక్కరోజే వేయకుండా నీళ్లలో కరిగించి, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే చక్రాలు) తిరుగుతుండగా 4, 5 రోజుల్లో చల్లండి. నల్లరేగడి అయితే మట్టి కొంత పొటాషియం పట్టేసుకుంటుంది కాబట్టి రెండు వారాలకి మళ్లీ టెస్ట్. మెగ్నీషియం లీటరుకి 115 మి.గ్రా. పైన లేకపోతే అదీ చూడాలి.

మేత ఇప్పుడు 30 శాతం తగ్గించండి. పెట్టుబడిలో సగానికి పైన మేతే, మీరు ఇంకా 1.2 లక్షల లెక్కకే వేస్తుంటారు. వల వేసి ఎన్నున్నాయో అంచనా కట్టండి. 60 శాతమే మిగిలితే 72 వేలు, 15 గ్రాములకి పెంచితే 1080 కిలోలు, మేత టన్నున్నర చాలు. పాత లెక్కకే వేస్తే రెండున్నర టన్నులు, అంటే ఎకరాకి టన్ను మేత అడుగున కుళ్లి అమ్మోనియా అవుతుంది. అప్పు మీద బస్తాలిచ్చే వాడు ఇది చెప్పడు.

రొయ్యల పట్టుబడయ్యాక ఉప్పు నీళ్లు పక్క పొలాల్లోకి వదలొద్దు. 2020 ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి అథారిటీ చట్టం కింద లైసెన్స్ లేకపోతే మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. రిపోర్ట్ వచ్చాక సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, ఆల్కలినిటీ (క్షారత) అంకెలు, గుంట లోతు రాసి పంపండి, మీ గుంటకి ఎన్ని బస్తాలో లెక్కేసి చెప్తాం.